అమ్మ కాళ్ళు నేలకి అందని సీటు

మొన్న వేసవి సెలవులు ఇవ్వగానే అమ్మని తీసుకుని డాలస్‌లో ఉన్న చెల్లి దగ్గరికి వెళ్ళొచ్చాను. నెల రోజులున్నాం. అక్కడ చూసినవాటి గురించి ఇంకోసారి రాస్తాను. ఇవాళ రాయాలనుకున్నది విమానంలో కూర్చోవడం గురించి. వెళ్ళేటప్పుడు సీటు విషయంలో నేను చేసిన తప్పు అమ్మ కాళ్ళ మీదికి వచ్చింది. వచ్చేటప్పుడూ అదే దూరం, అదే ఎకానమీ క్లాసు. కానీ అమ్మ శంషాబాద్‌లో ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగింది. ఆ మధ్యలో నేను నేర్చుకున్నదంతా ఇక్కడ పెడుతున్నాను. అమ్మానాన్నల్ని మొదటిసారి అంత దూరం తీసుకెళ్ళేవాళ్ళు మన చుట్టూ చాలామంది ఉన్నారు కదా.

అమ్మకి 71 ఏళ్ళు. ఎత్తు 4 అడుగుల 11 అంగుళాలు. మోకాళ్ళ నొప్పులున్నాయి, బీపీకి పొద్దున్నే మాత్ర వేసుకుంటుంది. తెనాలిలో నలభై ఏళ్ళు కుట్టు మిషన్ తొక్కి మా ఇద్దర్నీ చదివించింది. నాన్నని కూడా రమ్మన్నాం గానీ, గేదెల్ని ఎవరికి అప్పజెప్పి రావాలి అని ఆయన ఆగిపోయారు. అమ్మకి బిజినెస్ క్లాస్ టికెట్ తీస్తానని చెల్లి పట్టుబట్టింది. ధర విని అమ్మ ఒక్కటే మాట అంది: "ఆ డబ్బుతో గొడ్లపాక మొత్తం కొత్తగా వేయించొచ్చు, నాకు ఆ మంచం సీటు వద్దు." ఇంక ఆ మాట ఎత్తలేదు.

శంషాబాద్ నుంచి గల్ఫ్‌కి నాలుగు గంటల పైచిలుకు. అక్కడ విమానం మారి డాలస్‌కి పదహారు గంటలు. ఆ పదహారు గంటల విమానంలో వరసకి పది సీట్లు. అటు మూడు, మధ్యలో నాలుగు, ఇటు మూడు. బస్సెక్కినా రైలెక్కినా అమ్మకి కిటికీ పక్క సీటు ఇవ్వడం మా ఇంట్లో ఎప్పటినుంచో ఉన్న అలవాటు. ఆ అలవాటు కొద్దీ చెక్-ఇన్ తెరవగానే వెతికి మరీ కిటికీ పక్క 'ఏ' (A) సీటు అమ్మకి, దాని పక్క 'బీ' (B) నాకు పెట్టాను. మేఘాలు చూస్తూ కూర్చుంటుందని సంబరపడ్డాను.

మేఘాలు చూసింది ముప్పావు గంట. భోజనాలు అవగానే అందరూ నిద్రపోవాలని కిటికీ రెక్కలు దించేయమన్నారు. తర్వాత అమ్మ పక్కన ఉన్నది చల్లటి గోడ. నా అవతల సీ సీటులో ఒక కుర్రాడు మెడదాకా దుప్పటి కప్పుకుని నిద్రలోకి జారుకున్నాడు. ఎవరో ఎంసెట్ రాసిన పిల్లాడిలా ఉన్నాడు, అలిసిపోయి ఉన్నాడు. అమ్మ అతనివైపు చూసి, "పాపం, లేపకే" అంది.

ఆ మాటతోనే మొదలైంది. అతన్ని లేపకూడదు కాబట్టి బాత్రూమ్‌కి వెళ్ళకూడదు. బాత్రూమ్‌కి వెళ్ళకూడదు కాబట్టి నీళ్ళు తాగకూడదు. ఎయిర్ హోస్టెస్ నీళ్ళు తెచ్చిన ప్రతిసారీ అమ్మ గ్లాసు అందుకుని, పెదాలు తడుపుకుని, కింద పెట్టేసేది. నేను పక్కనే ఉండి ఇది గమనించలేదు. సినిమా చూశాను, తిన్నాను, నిద్రపోయాను. దిగాక లెక్కేసుకుంటే పదహారు గంటల్లో అమ్మ లేచింది రెండుసార్లు.

ఎదుటి తెరమీద మ్యాపులో విమానం గ్రీన్‌లాండ్ దగ్గర ఉన్నప్పుడు నాకు మెలకువ వచ్చింది. అమ్మ దుప్పటి కింద పడిపోయి ఉంటే తీద్దామని వంగాను. అప్పుడు కనిపించాయి అమ్మ పాదాలు. నేలకి ఆనలేదు. రెండూ గాల్లో వేలాడుతున్నాయి. బొటనవేళ్ళు కిందికి సాగదీసి నేలని అందుకోవాలని చూస్తున్నట్టు ఉన్నాయి. చీర అంచు కాస్త పైకి జరిపి చూస్తే, సీటు అంచు నొక్కుకున్న చోట మోకాలి వెనక ఎర్రటి గీత పడి ఉంది. "కాళ్ళు అందట్లేదా అమ్మా?" అన్నాను. "మొదట్నుంచీ అంతేలే, అలవాటైపోయింది" అంది. దుప్పటి మడతపెట్టి పాదాల కింద పెడితే అది జారిపోయింది. అంతకంటే ఏం చెయ్యాలో నాకప్పుడు తోచలేదు.

డాలస్‌లో దిగేటప్పుడు చెప్పులు కాళ్ళకి ఎక్కలేదు. మెట్టెలు వేళ్ళలోకి దిగబడిపోయి, చుట్టూ చర్మం ఉబ్బి పైకి లేచింది. ఇంటికెళ్ళాక చెల్లి కొబ్బరినూనె రాసి, మెట్టెల కొసలు నెమ్మదిగా విడదీసి వదులు చేసింది. అమ్మ తియ్యనివ్వలేదు, వదులు చెయ్యనిచ్చింది అంతే. నేను పక్కన కూర్చుని ఆ వేళ్ళకేసే చూస్తూ ఉండిపోయాను.

చెల్లి స్నేహితురాలు ఒకామె డాక్టరు. ఫోన్ చేస్తే మొదట అడిగిన ప్రశ్న: రెండు కాళ్ళూ సమానంగా వాచాయా, ఒక్క కాలేనా? రెండూ ఒకేలా ఉన్నాయని చెప్పాం. పిక్కలో నొప్పి, వేడి, ఎరుపు ఉన్నాయా, ఆయాసం ఉందా అని అడిగింది. అవేవీ లేవు. ఒక్క కాలే వాచి పిక్క నొప్పెడుతుంటే, లేదా ఊపిరి అందకపోతే, నాకు ఫోన్ చేస్తూ కూర్చోకండి, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళండి అని చెప్పింది. రక్తం గడ్డకట్టడానికి అవి గుర్తులట. అమ్మ వాపు రెండు రోజుల్లో పూర్తిగా తగ్గిపోయింది. తగ్గాక అమ్మ ఇంకో సంగతి చెప్పింది: ఆ రోజు బీపీ మాత్ర వేసుకోలేదట. "అది వేసుకుంటే మాటిమాటికీ వెళ్ళాల్సొస్తుంది కదా, అందుకని దాచేశాను" అంది. నాకు నోట మాట రాలేదు. పక్కవాడి నిద్ర పాడవుతుందని మందు మానేసింది మా అమ్మ.

ఆ వారమంతా దీని గురించే చదివాను. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక అధ్యయనం ఫలితాలు బయటపెట్టింది. నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చుని ప్రయాణిస్తే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం దాదాపు రెట్టింపు అవుతుందని అందులో ఉంది. విమానమే కాదు, బస్సు, రైలు, కారు ఏదైనా అంతే. భయపడాల్సినంత పెద్ద సంఖ్య కాదు, సుమారు ఆరువేల మందిలో ఒకరికి. కానీ అందులో నన్ను పట్టుకున్న మాట వేరే ఉంది. ఆ ప్రమాదం ఎక్కువగా ఉండేవాళ్ళలో బాగా పొడుగువాళ్ళతో పాటు బాగా పొట్టివాళ్ళూ ఉన్నారు. పొడుగంటే 1.9 మీటర్లు దాటినవాళ్ళు. పొట్టి అంటే 1.6 మీటర్ల లోపు, అంటే 5 అడుగుల 3 అంగుళాల లోపు. మన ఇళ్ళల్లో అమ్మలు, అత్తయ్యలు, అమ్మమ్మలు ఎంతమంది ఆ గీత దాటతారు?

విమానం సీటు అనగానే అందరూ మాట్లాడేది కాళ్ళు చాపుకునే చోటు గురించి. ఎకానమీలో ఒక సీటు నుంచి ముందు సీటుకి మామూలుగా 31, 32 అంగుళాలు ఉంటుంది, అది చాలదని గొడవ. ఆరడుగుల మనిషికి నిజంగానే చాలదు. మా అమ్మకి ఆ దూరంతో ఇబ్బందే లేదు, ముందు బోలెడంత చోటు మిగిలింది. అమ్మకి ఇబ్బంది సీటు ఎత్తుతో. ఆ సంగతి ఎవరూ చెప్పగా నేను వినలేదు.

నేను లెక్కల టీచర్ని. కొలవనిదే నాకు నిద్ర పట్టదు. చెల్లి ఇంట్లో టేపు తీసుకుని అమ్మ మడమ నుంచి మోకాలి వెనక మడత దాకా కొలిచాను: పద్నాలుగున్నర అంగుళాలు. చెల్లి డైనింగ్ టేబుల్ కుర్చీ నేల నుంచి 18 అంగుళాలు. ఆ కుర్చీలో అమ్మని కూర్చోబెడితే విమానంలో చూసిన పాదాలే మళ్ళీ కనిపించాయి. తిరుగు ప్రయాణంలో విమానం సీటుని కూడా చేత్తో కొలిచాను. నా జానెడు ఎనిమిది అంగుళాలు. సీటు ముందు అంచు రెండు జానల మీద రెండు వేళ్ళ ఎత్తు ఉంది. అంటే అమ్మ పాదానికీ నేలకీ మధ్య దగ్గర దగ్గర మూడు అంగుళాల ఖాళీ. ఆ మూడు అంగుళాలు అందక కాళ్ళ బరువంతా తొడల వెనక సీటు అంచు మీద పడుతుంది. అక్కడ నొక్కుకుపోతే రక్తం పైకి ఎలా పోతుంది?

ఇంట్లో పీట ఉంది, వాకిట్లో మెట్టు ఉంది, మిషన్ కింద పెడలుంది. అమ్మ కాళ్ళకి ఎప్పుడూ ఏదో ఒక ఆసరా ఉంటూనే ఉంది. విమానంలోనూ ఒక పీట కావాలి, అంతే. కాళ్ళు వేలాడదీసుకునే ఊయల లాంటిది, గాలి ఊదుకునే దిండు లాంటిది ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. కొన్ని విమానాల్లో వాటిని వాడనివ్వరు, కొనేముందు అడగండి. మేం అవి కొనలేదు. చెల్లి కొడుకు పాత స్కూల్ బ్యాగు తీసుకుని, రెండు శాలువాలు కుక్కి, పడుకోబెట్టి అమ్మ పాదాల కింద పెట్టాం. తొక్కితే అణిగిపోయింది. అడుగున వాడి పాత బొమ్మల కథల పుస్తకాలు నాలుగు పరిచి, వాటి మీద శాలువా పెడితే గట్టిగా నిలబడింది. డైనింగ్ కుర్చీలో అరగంట కూర్చుని, "ఇంకొంచెం తగ్గించు... ఇంకొంచెం... ఆఁ, చాలు" అని అమ్మే చెప్పింది. టేకాఫ్ అప్పుడూ దిగేటప్పుడూ బ్యాగుని ముందు సీటు కిందికి తోసెయ్యాలి, మిగతా సమయమంతా అమ్మ పాదాల కిందే. చేతి సామాన్లో ఎలాగూ ఒక బ్యాగు ఉంటుంది కదా, దాన్నే అలా సర్దాం.

రెండో మార్పు సీటు. తిరుగు ప్రయాణానికి ఒక్కో సీటుకి మూడు వేల పైచిలుకు కట్టి ముందే తీసుకున్నాను. ఈసారి మధ్య వరస. దారి పక్క 'డీ' (D) సీటు అమ్మకి, దాని పక్క 'ఈ' (E) నాకు. దారి పక్కనే కూర్చుంటే అమ్మ ఎవర్నీ లేపక్కర్లేదు. మధ్య నాలుగు సీట్లలో ఇంకో సుఖం కూడా ఉంది. నా అవతల ఎఫ్ సీటులో ఉన్నవాళ్ళు లేవాలంటే జీ వైపు నుంచి వెళ్ళిపోతారు, అమ్మని లేపే పని వాళ్ళకీ ఉండదు. అటూ ఇటూ ఉన్న మూడేసి సీట్లలో అయితే దారి పక్కన కూర్చున్న మనిషి ఇద్దరి కోసం లేవాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి అది చిన్న విషయం కాదు.

బాత్రూమ్‌కి మూడు నాలుగు వరసల దూరంలో చూసుకున్నాను. మరీ ఆనుకుని ఉంటే రాత్రంతా వెలుతురు, క్యూ, ఫ్లష్ చప్పుడు. మరీ దూరమైతే అమ్మ మళ్ళీ వెళ్ళడం వాయిదా వేస్తుంది. గోడకి ఆనుకుని ఉండే చివరి వరస సీట్లు కొన్ని వెనక్కి వాలవు, అవి వదిలేశాను. రెక్కల దగ్గర కుదుపు తక్కువ, తోక వైపు ఎక్కువ. అది కూడా చూసుకున్నాను. మాకు టికెట్ తీసినతను ఎమర్జెన్సీ డోర్ పక్క సీట్లు తీసుకోండి, కాళ్ళు బాగా చాపుకోవచ్చు అన్నాడు. అవసరమైతే ఆ తలుపు తెరవడానికి సాయపడగల ఆరోగ్యవంతులకే అవి ఇస్తారు. అమ్మకి ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. పైగా ముందు సీటు లేకపోతే మా పీట బ్యాగు టేకాఫ్ అప్పుడు పైన పెట్టెయ్యాలి.

దారి పక్క సీటుకి ఒక రహస్యం ఉంది. దారి వైపు చెయ్యి ఆనించుకునే రాడ్డు చాలా విమానాల్లో పైకి లేస్తుంది. దాని అడుగున, వెనక కీలు దగ్గర, వేలితో తడిమితే చిన్న మీట తగులుతుంది. అది నొక్కి లేపితే మనిషి పక్కకి తిరిగి, రెండు కాళ్ళూ దారిలో పెట్టి లేవచ్చు. ముందు సీటు పట్టుకుని వంగి, నడుము మెలితిప్పి లేచే పని ఉండదు. నాకు కనపడకపోతే ఎయిర్ హోస్టెస్‌ని అడిగాను, నవ్వుతూ వచ్చి లేపి చూపించింది. అమ్మకి అదొక్కటీ దొరకడంతో సగం భయం పోయింది.

అమ్మ లేవకపోవడానికి బాత్రూమ్ అంటే భయం కూడా ఒక కారణం. చీరతో ఆ ఇరుకులో తిరగడం కష్టం. తలుపు మధ్యలో నొక్కితే లోపలికి మడతపడుతుంది, అది తెలియక వెళ్ళేటప్పుడు అమ్మ తలుపు ముందు నిలబడిపోయింది. లోపల గడియ వేస్తేనే పెద్ద లైటు వెలుగుతుంది. గడియ వేస్తే మళ్ళీ రాదేమోనని అమ్మ వెయ్యలేదు, చీకట్లోనే పని ముగించుకుని వచ్చింది. వచ్చేటప్పుడు విమానం ఎక్కగానే, జనం సర్దుకునేలోపు తీసుకెళ్ళి గడియ వేసి తీసి చూపించాను. బాత్రూమ్‌లో కడుక్కునే నీళ్ళ కోసం ఒక ఖాళీ సీసా వెంట పెట్టుకున్నాం, అక్కడి కుళాయిలో పట్టుకోవచ్చు. నేను తలుపు బయటే ఉంటానని చెప్పాను, ప్రతిసారీ ఉన్నాను. బట్టల సంగతికి చెల్లి ముందు చుడీదార్ తెచ్చింది, అమ్మ ససేమిరా అంది. చివరికి పాత మెత్తటి నేత చీర, కుచ్చెళ్ళు కాస్త పైకి కట్టి, కాళ్ళకి వదులైన సాక్సులు.

ఒత్తిడి పెట్టే సాక్సులు, కంప్రెషన్ సాక్సులంటారు, అవి కూడా అడిగాం. కాళ్ళలో రక్తప్రసరణ ఎలా ఉందో చూడకుండా, కొలత తీసుకోకుండా వెయ్యకూడదని ఆ డాక్టరమ్మ చెప్పింది. అంత టైమ్ లేక వదిలేశాం. బీపీ మాత్ర మాత్రం ఏ టైముకి వెయ్యాలో ఆవిడ చేతే కాగితం మీద రాయించుకున్నాం, రెండు దేశాల గడియారాల లెక్కతో సహా. ఆ కాగితం నా దగ్గర, మాత్రలు నా దగ్గర. ఈసారి అమ్మకి దాచే అవకాశం ఇవ్వలేదు.

విమానంలో గాలి ఎంత పొడిగా ఉంటుందంటే, తేమ సాధారణంగా ఇరవై శాతం కూడా ఉండదు. కృష్ణా డెల్టా ఉక్కపోతలో పుట్టి పెరిగిన ప్రాణానికి అది ఎడారే. పెదాలు పగిలి, ముక్కు ఎండిపోతుంది. కొంచెం కొంచెంగా గంటకోసారి నీళ్ళు ఇచ్చాను. దారి పక్కన కూర్చుంది కాబట్టి అమ్మ గ్లాసు మొత్తం తాగింది. నేను పట్టించుకోవాల్సింది నీళ్ళు ఇవ్వడం కాదు, తాగాక లేవడానికి దారి ఉందా లేదా అన్నది.

కాళ్ళ వ్యాయామం అని వీడియోలు చూపిస్తే అమ్మ ఆసక్తిగా చూడలేదు. "మిషన్ తొక్కినట్టు తొక్కమ్మా" అన్నాను. అంతే. బ్యాగు మీద పాదాలు పెట్టి మడమ, వేళ్ళు, మడమ, వేళ్ళు... నలభై ఏళ్ళ అలవాటు, లయ తప్పకుండా. పిక్కలు బిగిసి వదులవుతుంటే చీర మీదుగా కూడా తెలుస్తోంది. ఎంతసేపు తొక్కాలి అని అడిగింది. హనుమాన్ చాలీసా ఒకసారి పూర్తయ్యేంతసేపు అన్నాను. ఆ పద్నాలుగున్నర గంటల్లో (వచ్చేటప్పుడు గాలి వెనక నుంచి తోస్తుంది, అందుకే గంటన్నర తక్కువ) అమ్మ చాలీసా ఎన్నిసార్లు చదివిందో నేను లెక్కపెట్టలేదు. నాకు మెలకువ వచ్చిన ప్రతిసారీ పెదాలు కదులుతున్నాయి, పాదాలు కదులుతున్నాయి. ఐదుసార్లు లేచి వెనక ఖాళీ చోటు దాకా నడిచొచ్చింది.

నడుముకి ఆసరాగా ఒక తువ్వాలు ఉండలా చుట్టి, సీటు వెనక గుంటపడ్డ చోట పెట్టాను. మెడ దిండు వెనక్కి కాకుండా ముందుకి పెట్టుకుంటే అమ్మకి నయంగా ఉంది, తల ముందుకి వాలినప్పుడు గడ్డం దాని మీద ఆనింది. శాకాహార భోజనం రోజు ముందే చెప్పి పెట్టాం, అందరికంటే ముందే తెచ్చి ఇచ్చారు. ఆ ట్రే ముందర ఉన్నంతసేపూ లేవలేం కాబట్టి భోజనాల బండి కదలకముందే ఒకసారి బాత్రూమ్‌కి వెళ్ళి రావడం మంచిది.

శంషాబాద్‌లో తెల్లవారుజామున దిగాం. అమ్మ వంగి చెప్పులు వేసుకుంది. నేను అమ్మ పాదాలకేసి చూస్తున్నాను. వాపు బొత్తిగా లేదని కాదు, కాస్త ఉంది. కానీ చెప్పులు ఎక్కాయి, మెట్టెలు వేలి చుట్టూ తిరుగుతున్నాయి. "ఏమే, అలా చూస్తున్నావు, పద" అంది.

మొన్న ఆదివారం మా ఎదురింటి పిన్ని వచ్చింది. దసరాకి న్యూజెర్సీలో కొడుకు దగ్గరికి వెళ్తోంది, ఒక్కతే. నేను లోపల పేపర్లు దిద్దుకుంటున్నాను. బయట అమ్మ గొంతు వినిపిస్తోంది: "కిటికీ పక్కన కూర్చోకు వదినా, దారి పక్క సీటు అడుగు. సిగ్గుపడకు." తర్వాత మిషన్ సొరుగు లాగిన చప్పుడు. తొంగి చూస్తే, పిన్నిని కుర్చీలో కూర్చోబెట్టి, అమ్మ కింద పీట మీద కూర్చుని, కుట్టు టేపుతో ఆవిడ మడమ నుంచి మోకాలి వెనక దాకా కొలుస్తోంది.